దాడి భయం, అచ్చు భయం: అవినీతి నిరోధక అధికారులనూ సంపాదకులనూ ఎవరు విచారించాలి?

లంచం అడిగిన అధికారి మీద ఫిర్యాదు చేయాలంటే ఏసీబీకో లోకాయుక్తకో వెళ్తాం. అక్కడ పని జరగకపోతే పత్రికాఫీసు మెట్లు ఎక్కుతాం. ఆ రెండు చోట్లా కూర్చున్నవాళ్ల మీదే డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ వస్తే ఇక ఎక్కడికి వెళ్లాలి? లోకాయుక్త అధికారుల మీద, వాళ్లతో చేతులు కలిపారంటున్న సంపాదకుల మీద విచారణ జరపాలన్న డిమాండ్ కర్ణాటక దళిత, పౌరహక్కుల కార్యకర్తల నోట పలుమార్లు వినిపించింది. ఆ డిమాండ్‌కు ఆధారమేమిటి, చట్టం ఏం చెబుతోంది, దాన్ని ఎలా అడిగితే నిలుస్తుంది అన్నవి కార్యకర్తలకూ విద్యార్థులకూ ఉపయోగపడేలా ఇక్కడ ఒకచోట చేర్చాం.

ఆరోపణ వేరు, రుజువు వేరు. ఇందులో ప్రస్తావించిన కేసుల్లో కొన్ని కోర్టుల్లో నడిచాయి, కొన్ని నడుస్తున్నాయి. రుజువు కాని విషయం ఎక్కడున్నా ఆరోపణ అనే రాశాం.

ఈ డిమాండ్ మనకెందుకు

ఊళ్లో భూమి ఉన్నవాడు, కాంట్రాక్టు చేసేవాడు, స్టేషన్‌లో మాట చెల్లేవాడు తరచూ ఒకే కుటుంబంలోనో ఒకే బంధువర్గంలోనో ఉంటారు. అసైన్డ్ భూమి చేజారినా, హాస్టల్ బియ్యం మాయమైనా, స్కాలర్‌షిప్ డబ్బు పక్కదారి పట్టినా వాడ మనిషికి ఊళ్లో న్యాయం అడిగే చోటు ఉండదు. అందుకే ఊరి బయట ఉన్న సంస్థలు మనకు ఎక్కువ అవసరం. డబ్బున్నవాడికి ఏసీబీ పనిచేయకపోయినా నష్టం లేదు. అతను పెద్ద లాయర్‌ను పెట్టుకుంటాడు, ఎమ్మెల్యేకు ఫోన్ చేస్తాడు. కూలి మానుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కి వచ్చిన మనిషికి ఉన్నది ఆ ఒక్క కౌంటరే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రిజర్వేషన్ ద్వారా ఉద్యోగంలోకి వచ్చిన మన పిల్లల మీద ఒక దాడి జరిగి, కేసు తేలకముందే ఫొటో పత్రికలో వస్తే, తర్వాత నిర్దోషి అని తీర్పు వచ్చినా ఆ మచ్చ పోదు. "కోటా వాళ్లు ఇంతే" అన్న మాట రెడీగా ఉంటుంది. కాబట్టి దాడి అధికారం, వార్త అధికారం అమ్మకానికి పెడితే మనం రెండు విధాలా నష్టపోతాం. దోషిని పట్టుకోరు, నిర్దోషిని బెదిరిస్తారు.

కర్ణాటక లోకాయుక్త: 2015లో ఏం జరిగింది

దేశంలో లోకాయుక్తలు చాలా రాష్ట్రాల్లో ఉన్నా ఎక్కువ చోట్ల సిఫార్సులతోనే సరిపెట్టుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే లోకాయుక్త చట్టం వచ్చినా, ట్రాప్‌లూ దాడులూ చేసే పని ప్రభుత్వం చేతి కింద ఉండే ఏసీబీదే. కర్ణాటక దారి వేరు. 1984 చట్టంతో ఏర్పడిన అక్కడి లోకాయుక్తకు సొంత పోలీసు విభాగం ఉంది. అది ట్రాప్ వేయగలదు, సోదా చేయగలదు, చార్జిషీటు దాఖలు చేయగలదు. జస్టిస్ ఎన్. వెంకటాచల 2001 నుంచి 2006 వరకు చేసిన ఆకస్మిక తనిఖీలతో జనం ఆ సంస్థను నమ్మారు. జస్టిస్ సంతోష్ హెగ్డే 2011 జులైలో ఇచ్చిన అక్రమ గనుల నివేదిక ప్రభుత్వానికి 16 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని లెక్కగట్టింది. ఆ నెలాఖరుకే ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన మీద పెట్టిన ప్రధాన లంచం కేసును సీబీఐ కోర్టు 2016లో కొట్టేసింది. అయినా లోకాయుక్త అన్న పేరుకు ఎంత బరువుందో ఆ రోజుల్లో అందరూ చూశారు.

ఆ బరువునే అమ్ముకున్నారన్నది 2015 నాటి ఆరోపణ. బెంగళూరులో ఒక ఇంజినీరు ఇచ్చిన ఫిర్యాదు సారాంశం ఇది: లోకాయుక్త దాడి జరగకుండా ఉండాలంటే కోటి రూపాయలు ఇవ్వాలని తనను అడిగారు, ఆ మాట లోకాయుక్త కార్యాలయంలోనే జరిగింది. లోకాయుక్తలోనే పనిచేస్తున్న ఎస్పీ సోనియా నారంగ్ ఈ విషయాన్ని 2015 మేలో రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా తెలిపారు. సంస్థ లోపలి అధికారి అలా కాగితం మీద పెట్టకపోయి ఉంటే ఆ కథ అక్కడే ముగిసేది.

ఆ తర్వాత విచారణ ఎవరు చేయాలన్న దాని మీదే పెద్ద గొడవ. లోకాయుక్త ఒకవైపు, ఉపలోకాయుక్త మరోవైపు నిలిచారు. న్యాయవాదులు, కార్యకర్తలు ధర్నాలకు దిగారు. చివరికి ప్రభుత్వం సీనియర్ పోలీసు అధికారి కమల్ పంత్ నాయకత్వంలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ బృందం జులైలో అప్పటి లోకాయుక్త జస్టిస్ వై. భాస్కరరావు కుమారుణ్ని హైదరాబాద్‌లో అరెస్టు చేసింది. లోకాయుక్త ప్రజాసంబంధాల విభాగం ఉన్నతాధికారి కూడా అరెస్టయ్యారు. భాస్కరరావు గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి, తర్వాత కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. శాసనసభలో తొలగింపు తీర్మానం కదిలాక, 2015 డిసెంబర్‌లో ఆయన రాజీనామా చేశారు.

ప్రజాసంబంధాల అధికారి అన్న పదవిని గుర్తు పెట్టుకుందాం. పత్రికలకూ సంస్థకూ మధ్య మనిషి ఆయనే. ఎవరి ఇంటి మీద దాడి జరిగింది, ఏం దొరికింది, ఏ ఫొటో ఎవరికి ఇవ్వాలి అన్నవన్నీ అలాంటి కుర్చీ నుంచే బయటికి వెళ్తాయి.

సంస్థను బాగు చేయలేదు, కోరలు పీకారు

ఈ కేసు తర్వాత జరిగింది చూస్తే మన డిమాండ్‌ను ఎంత జాగ్రత్తగా రాయాలో అర్థమవుతుంది. లోకాయుక్త కుర్చీ ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. 2016 మార్చి 14న ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఏసీబీని ఏర్పాటు చేసి, అవినీతి కేసుల దర్యాప్తును లోకాయుక్త పోలీసుల చేతి నుంచి తీసేసింది. కొత్త ఏసీబీ ముఖ్యమంత్రి అధీనంలోని శాఖకు జవాబుదారీ. అంటే ఎవరి మీద దర్యాప్తు జరగాలో వాళ్లే దర్యాప్తు సంస్థకు యజమానులయ్యారు.

ఆరేళ్లకు ఆ ఏసీబీ మీదే అవే మాటలు వచ్చాయి. 2022లో భూవివాదంలో లంచం కేసు బెయిల్ పిటిషన్ వింటున్న కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ హెచ్.పి. సందేశ్, ఏసీబీ ఆఫీసు వసూళ్ల కేంద్రంగా మారిందని తీవ్రంగా వ్యాఖ్యానించారు. తనను బదిలీ చేయిస్తామన్న బెదిరింపు కూడా వచ్చిందని ఆయన కోర్టులోనే చెప్పారు. ఆ విచారణ మీద సుప్రీంకోర్టు తర్వాత స్టే ఇచ్చింది. కానీ అదే ఏడాది జులైలో బెంగళూరు అర్బన్ మాజీ డిప్యూటీ కమిషనర్, ఐఏఎస్ అధికారి, అదే కేసులో అరెస్టయ్యారు. అప్పటిదాకా కేసు కింది ఉద్యోగుల దగ్గరే ఆగి ఉంది. 2022 ఆగస్టు 11న హైకోర్టు ధర్మాసనం ఏసీబీ ఏర్పాటు ఉత్తర్వునే కొట్టేసి, కేసులన్నీ లోకాయుక్త పోలీసులకు తిరిగి అప్పగించింది.

ఇందులో మనకు పాఠం ఒకటే. "లోకాయుక్తలో అవినీతి ఉంది" అని మనం అన్న మాటను "అయితే లోకాయుక్త అక్కర్లేదు" అని తిప్పుకోవడానికి పాలకులు సిద్ధంగా ఉంటారు. సంస్థను కాపాడమని, అందులో తప్పు చేసినవాళ్లను విచారించమని ఒకే వాక్యంలో అడగాలి.

కేంద్రంలోనూ ఇదే చూశాం. 2018 అక్టోబర్‌లో ఒక హైదరాబాద్ వ్యాపారి ఫిర్యాదుతో సీబీఐ తన సొంత ప్రత్యేక డైరెక్టర్ రాకేశ్ ఆస్థానా మీదే లంచం కేసు పెట్టింది. డైరెక్టర్ అలోక్ వర్మ మీద ఆస్థానా ఎదురు ఆరోపణలు చేశారు. అక్టోబర్ 23 అర్ధరాత్రి ఇద్దరినీ సెలవు మీద పంపారు. 2020లో సీబీఐ దాఖలు చేసిన చార్జిషీటు ఆస్థానాకు క్లీన్ చిట్ ఇచ్చింది. సీబీఐ మీద కేసును సీబీఐ పెట్టి, సీబీఐ దర్యాప్తు చేసి, సీబీఐ ముగించింది. తప్పు జరిగిందో లేదో పక్కన పెడదాం. జనం ఆ ముగింపును నమ్మడానికి బయటి కన్ను ఒకటి ఉండాలి కదా. ఆ గొడవ నడుస్తుండగానే 2018 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీబీఐకి సాధారణ సమ్మతిని వెనక్కి తీసుకుంది. 2022లో తెలంగాణ కూడా అదే పని చేసింది.

దాడి, వార్త: ఒకే సరుకు

అధికారుల మీద విచారణ అడిగితే సరిపోదా, సంపాదకులను ఎందుకు కలపాలి అని కొందరు అడుగుతారు. దీనికి మా జవాబు ఇది.

దాడి చేస్తామని బెదిరించి డబ్బు గుంజడం ఎలా పనిచేస్తుందో చూడండి. అక్రమాస్తుల కేసు కోర్టులో తేలడానికి ఏళ్లు పడుతుంది. శిక్ష పడుతుందో లేదో తెలియదు. కాబట్టి డబ్బు ఇచ్చేవాడు భయపడేది శిక్షకు కాదు. మర్నాడు పొద్దున పేపర్లో రాబోయే ఫొటోకు, టీవీలో రోజంతా తిరిగే పేరుకు భయపడతాడు. ఆ భయం కలగాలంటే దాడి చేసేవాడి వెనక అచ్చు వేసేవాడు ఉండాలి. ఇక డబ్బు ఇచ్చాక దాడి ఆగిపోతే, ఆగిపోయిన సంగతి బయటికి రాకూడదు. దానికీ అచ్చు వేసేవాడి మౌనం కావాలి. దాడి భయం, అచ్చు భయం జంటగానే అమ్ముడవుతాయి. అధికారిని మాత్రమే విచారిస్తే వ్యాపారంలో సగం చెక్కుచెదరకుండా మిగులుతుంది. కుర్చీలో మనిషి మారితే చాలు, మళ్లీ మొదలవుతుంది.

పత్రికలన్నీ ఇలాగే చేస్తున్నాయని మేము అనడం లేదు. జీతం సరిగా రాని మండల విలేకరి నుంచి అంశం కోసం ప్రాణాలొడ్డిన రిపోర్టర్ల వరకు నిజాయితీగా పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. 2015 కుంభకోణాన్ని జనం ముందు నిలబెట్టిందీ పత్రికలే. అందుకే విచారణ అవసరం మరింత ఎక్కువ. ఎవరు చేశారో తేలకపోతే అందరి మీదా అదే మరక పడుతుంది.

పత్రికల రికార్డు ఏం చెబుతోంది

సంపాదకుల మీద ఆరోపణ అనగానే పత్రికాస్వేచ్ఛ మీద దాడి అంటారు. కాబట్టి ఇప్పటికే పబ్లిక్ రికార్డులో ఉన్నదేమిటో తెలిసి ఉండాలి.

2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. అందులో ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, మరొకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో చేసిన నమూనా సర్వే కూడా వాళ్ల ముందుకు వచ్చింది. అంటే తెలుగు నేల మీద ఈ అంశాన్ని మొదట లెక్కగట్టింది పాత్రికేయుల సంఘమే. ఉపసంఘం 71 పేజీల్లో పత్రికల పేర్లతో సహా నివేదిక రాసింది. 2010 జులైలో కౌన్సిల్ ఆ పేర్లు లేని చిన్న నివేదికను ఆమోదించి, పెద్దదాన్ని పక్కన పెట్టింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో, అసలు నివేదిక అధికారికంగా బయటపడింది.

2011 అక్టోబర్‌లో ఎన్నికల సంఘం ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌పై మూడేళ్ల అనర్హత వేటు వేసింది. హిందీ పత్రికల్లో డబ్బిచ్చి వేయించుకున్న వార్తల ఖర్చును ఎన్నికల లెక్కల్లో చూపలేదన్నది కారణం. డబ్బు ఇచ్చిన అభ్యర్థి పదవి పోయింది. తీసుకున్న పత్రికలకు ప్రెస్ కౌన్సిల్ మందలింపు తప్ప మరేం జరగలేదు.

2012లో పారిశ్రామికవేత్త, అప్పటి ఎంపీ నవీన్ జిందాల్, తమ కంపెనీ మీద బొగ్గు వార్తలు ఆపడానికి జీ గ్రూపు సంపాదకులు 100 కోట్ల రూపాయల ప్రకటనలు అడిగారని ఫిర్యాదు చేశారు. ఆ ఏడాది నవంబర్‌లో ఇద్దరు సంపాదకులు అరెస్టయ్యారు. వాళ్లు ఆరోపణను ఖండించారు. 2018లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. పెద్దవాళ్ల మధ్య గొడవ పెద్దవాళ్ల మధ్యే ముగిసింది. వార్త నిజంగా అమ్మకానికి పెట్టారా, అందులో ఉన్న ప్రజల బొగ్గు సంగతేమిటి అన్న ప్రశ్నకు కోర్టు తీర్పు రాలేదు.

ఈ గదుల్లో మనవాళ్లు ఉన్నారా అన్నది ఇంకో ప్రశ్న. 2006లో ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని సర్వే చేస్తే ఒక్క దళితుడు గానీ ఆదివాసీ గానీ కనిపించలేదు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చూసిన 121 నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. 1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బిస్తామన్నా ప్రకటన వేయడానికి 'కేసరి' ఒప్పుకోలేదు. కొందరి వార్త డబ్బిస్తే వస్తుంది, మన వార్త డబ్బిచ్చినా రాలేదు. వార్తాగదిలో మనం లేకపోవడమూ అక్కడి అవినీతి మీద విచారణ లేకపోవడమూ ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి.

స్థలాలు, ప్రకటనలు

లంచం ఎప్పుడూ కవరులో రాదు. ఇంటి స్థలంగా వస్తుంది, ప్రభుత్వ ప్రకటనగా వస్తుంది.

2011లో సంతోష్ హెగ్డే తర్వాత లోకాయుక్త అయిన జస్టిస్ శివరాజ్ పాటిల్ రెండు నెలలు కూడా ఉండలేకపోయారు. ఇళ్ల స్థలాల కేటాయింపు మీద వివాదం రావడంతో సెప్టెంబర్‌లో రాజీనామా చేశారు. హైదరాబాద్ సంగతి ఇంకా స్పష్టం. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయుల హౌసింగ్ సొసైటీలకు నగర పరిధిలో తక్కువ ధరకు భూములివ్వడానికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2005, 2008లలో జీవోలు ఇచ్చింది. 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. సమానత్వ సూత్రానికి అవి విరుద్ధమని చెప్పింది.

ఆ జాబితాను మరోసారి చదవండి. పాలించేవాడు, పట్టుకునేవాడు, తీర్పు చెప్పేవాడు, రాసేవాడు. నలుగురూ ఒకే జీవోలో లబ్ధిదారులు. ఇందులో వ్యక్తిగతంగా ఎవరూ నేరం చేయకపోవచ్చు. ఇల్లు లేని చిన్న జీతపు విలేకరికి ఇంటి అవసరం నిజమే. కానీ నలుగురి ప్రయోజనం ఒకే కాగితం మీద ఉన్నప్పుడు ఒకరి మీద ఒకరు నిఘా పెడతారని ఎలా నమ్మాలి? అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధించే 1977 చట్టం, కర్ణాటకలో 1978 పీటీసీఎల్ చట్టం ఉండి కూడా మన భూములు చేజారిపోతుంటే, ఆ వార్త లోపలి పేజీ దాటకపోవడానికి ఇదీ ఒక కారణమని మేము అనుకుంటున్నాం.

మన డబ్బు పోయినప్పుడు

2024 మే నెలాఖరులో కర్ణాటక మహర్షి వాల్మీకి షెడ్యూల్డ్ తెగల అభివృద్ధి సంస్థలో అకౌంట్స్ ఉద్యోగి ఒకరు ప్రాణం తీసుకున్నారు. ఆయన రాసిపెట్టిన లేఖతోనే సంస్థ ఖాతా నుంచి 187 కోట్ల రూపాయలు అనుమతి లేకుండా వేరే ఖాతాకు మళ్లిన సంగతి, అందులో 80 కోట్లకు పైగా బయటి ఖాతాలకు వెళ్లిన సంగతి లోకానికి తెలిసింది. ఆ ఖాతాల్లో చాలావరకు హైదరాబాద్‌తో ముడిపడ్డవే. మంత్రి బి. నాగేంద్ర జూన్‌లో రాజీనామా చేశారు, జులైలో ఈడీ ఆయన్ను అరెస్టు చేసింది. తర్వాత బెయిల్ వచ్చింది. తాను తప్పు చేయలేదని ఆయన అంటున్నారు.

బోర్‌వెల్ కోసం, చిన్న అప్పు కోసం దరఖాస్తు పెట్టుకుని తిరిగే ఆదివాసీ కుటుంబాల డబ్బు అది. ఇంత సొమ్ము కదులుతుంటే ఆడిట్ చూడలేదు, నిఘా సంస్థ చూడలేదు, పత్రిక చూడలేదు. ఒక ఉద్యోగి చనిపోయాక గానీ ఎవరికీ తెలియలేదు. కాపలా సంస్థలు సరిగా ఉన్నాయా లేదా అన్నది మనకు ఎంత ప్రాణసంకటమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చట్టంలో ఏ తలుపులున్నాయి

లోకాయుక్త, ఏసీబీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులే. అవినీతి నిరోధక చట్టం, 1988 వాళ్లకూ వర్తిస్తుంది. ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తులు కూడా ఈ చట్టం కిందికి వస్తారని వీరాస్వామి కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.

సంపాదకుడు ప్రభుత్వోద్యోగి కాడు. అయినా చట్టానికి బయట లేడు. అదే చట్టంలోని సెక్షన్ 7ఏ ప్రకారం, అక్రమ మార్గంలోనో పలుకుబడితోనో ప్రభుత్వోద్యోగిని ప్రభావితం చేస్తానని ఎవరు డబ్బు తీసుకున్నా నేరమే. "లోకాయుక్తలో మాట్లాడి పెడతాను" అని డబ్బు తీసుకునే పత్రికా మధ్యవర్తి ఇక్కడ దొరుకుతాడు. నేరానికి తోడ్పడినవాళ్ల కోసం సెక్షన్ 12 ఉంది. రాస్తానని బెదిరించి డబ్బు గుంజితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు. పరువు తీసే రాత అచ్చువేస్తానని బెదిరించి డబ్బు తీసుకోవడాన్ని పాత ఐపీసీ 1860లోనే ఈ నేరానికి మొదటి ఉదాహరణగా ఇచ్చింది. కొత్త సంహితలోనూ అది అలాగే ఉంది. పత్రికాస్వేచ్ఛ ఈ నేరానికి రక్షణ కాదు.

అడ్డంకులు కూడా తెలుసుకోవాలి. 2018 సవరణతో వచ్చిన సెక్షన్ 17ఏ ప్రకారం, అధికారి విధుల్లో తీసుకున్న నిర్ణయం మీద దర్యాప్తు చేయాలంటే ముందస్తు అనుమతి కావాలి. రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకునే ట్రాప్ కేసులకు ఇది వర్తించదు. విచారణకు సెక్షన్ 19 కింద మంజూరు కావాలి. మంజూరు లేకుండా మేజిస్ట్రేట్ దర్యాప్తుకు ఆదేశించలేడని కర్ణాటక నుంచే వెళ్లిన అనిల్ కుమార్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో ముఖ్యమైన విషయం: బలవంతం వల్ల లంచం ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. లేకపోతే సెక్షన్ 8 కింద ఇచ్చినవాళ్లు కూడా నిందితులవుతారు. మన దగ్గరికి బాధితులు వచ్చినప్పుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న తేదీ.

ప్రెస్ కౌన్సిల్‌కు 1978 చట్టం ఇచ్చింది హెచ్చరించే, మందలించే అధికారమే. టీవీ చానెళ్లు దాని పరిధిలోనే లేవు. ఎడిటర్ మీద ఫిర్యాదు అక్కడ పెట్టడం రికార్డు కోసం మంచిదే గానీ నేర విచారణకు అది ప్రత్యామ్నాయం కాదు.

అన్ని తలుపులూ మూసుకుంటే హైకోర్టు ఉంది. రాష్ట్ర సమ్మతి లేకపోయినా హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని 2010లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 1997 నాటి వినీత్ నారాయణ్ తీర్పు ఇంకో దారి చూపింది. జైన్ హవాలా డైరీల మీద దర్యాప్తు కదలనప్పుడు సుప్రీంకోర్టు దర్యాప్తును తానే పర్యవేక్షించింది. ఆ కేసు వేసింది ఒక పాత్రికేయుడే.

డిమాండ్ రాసేటప్పుడు

పెద్ద పేర్లు, పెద్ద అంకెలు పెట్టిన వినతిపత్రం చూడ్డానికి బాగుంటుంది. మొదటి హియరింగ్‌లోనే పడిపోతుంది. మేము చెప్పేవి చిన్న విషయాలు.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎవరి ద్వారా అన్న అయిదింటికీ జవాబు ఉన్నంతవరకే ఆరోపణ చేయాలి. విన్నమాటను విన్నమాటగానే రాయాలి. ఫలానా ఫిర్యాదు ఇచ్చి ఇన్నాళ్లయినా ఎందుకు మూసేశారు అన్న ప్రశ్న చాలాసార్లు "డబ్బు తీసుకున్నారు" అన్న ఆరోపణ కంటే బలమైనది. మూసివేత కారణం కాగితం మీద ఉంటుంది కాబట్టి.

సమాచార హక్కును వాడాలి. సెక్షన్ 24 కింద మినహాయింపు ఉన్న సంస్థలు కూడా అవినీతి ఆరోపణలకు సంబంధించిన సమాచారం ఇవ్వాల్సిందే. సమాచార పౌర సంబంధాల శాఖను ఏ పత్రికకు ఏ ఏడాది ఎంత ప్రకటన సొమ్ము ఇచ్చారో అడగవచ్చు. రెవెన్యూ శాఖను స్థలాల కేటాయింపు ఉత్తర్వులు అడగవచ్చు.

ఫిర్యాదును ఆరోపణ ఉన్న సంస్థకే పంపి ఊరుకోకూడదు. హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు, ప్రధాన కార్యదర్శికి కూడా నకలు వెళ్లాలి. రశీదు దాచాలి. తప్పుడు ఫిర్యాదుకు లోక్‌పాల్ చట్టంలో ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కాబట్టి సంతకం పెట్టే మనిషికి ప్రతి వాక్యం చదివి వినిపించాలి. ప్రతీకారంగా ఎస్సీ, ఎస్టీ ఫిర్యాదుదారు మీద తప్పుడు కేసు పెడితే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(పి) ఉంది. ప్రజావేగుల రక్షణ చట్టం 2014లో ఆమోదం పొందినా అమల్లోకి రాలేదు. అందుకే ఒక్కరి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద ఫిర్యాదు వెళ్లడం మేలు.

మా డిమాండ్లు

ఒకటి: లోకాయుక్త, ఏసీబీ అధికారుల మీద వచ్చే ఆరోపణలను ఆ సంస్థ పోలీసులు గానీ ప్రభుత్వం ఎంచుకున్న అధికారులు గానీ కాకుండా, హైకోర్టు పర్యవేక్షణలోని ప్రత్యేక బృందం దర్యాప్తు చేయాలి.

రెండు: అదే కేసులో డబ్బు చేరవేసిన, వార్త ఆపిన, వార్తతో బెదిరించిన మీడియా వ్యక్తులుంటే, ఏ స్థాయివారైనా, అదే బృందం విచారించాలి. వార్త సేకరణ జోలికి, రిపోర్టర్ల సోర్సుల జోలికి ఆ బృందం పోకూడదు. డబ్బు దారి వెతకడమే దాని పని.

మూడు: అవినీతి నిరోధక సంస్థల అధికారులు ఏటా ఆస్తుల వివరాలు ప్రజల ముందు పెట్టాలి. ప్రభుత్వ ప్రకటనలు, రాయితీ భూములు పొందే మీడియా యాజమాన్యాలూ సంపాదకులూ ఆ లబ్ధిని తమ పత్రికలోనే ప్రకటించాలి.

నాలుగు: మూసేసిన ప్రతి ఫిర్యాదుకూ కారణం రాతపూర్వకంగా ఫిర్యాదుదారుకు, అతని భాషలో ఇవ్వాలి.

అయిదు: ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక, అభివృద్ధి సంస్థల నిధుల కేసుల్లో 17ఏ అనుమతిని చట్టం చెప్పిన మూడు నెలల్లో, తప్పనిసరైతే మరో నెలలో, తేల్చాలి. నిరాకరిస్తే కారణం బయటపెట్టాలి.

ఆరు: ప్రజావేగుల రక్షణ చట్టాన్ని వెంటనే అమల్లోకి తేవాలి.

2015లో ఒక ఎస్పీ రాసిన ఉత్తరంతో ఒక వ్యవస్థ కదిలింది. ఆ ఉత్తరానికి బలం వచ్చింది వీధిలో నిలబడ్డ జనం వల్ల. లోపల నిజాయితీగా ఉన్న అధికారి, నిజాయితీగా ఉన్న రిపోర్టర్ ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు కాగితం మీద పెట్టిన రోజున బయట మన సంఘాల బ్యానర్లు ఉండాలి. అప్పటిదాకా మన ఊళ్లలో మూసేసిన ఫిర్యాదుల జాబితా తయారు చేద్దాం. తేదీలతో, రశీదు నంబర్లతో.